సోమవారం ఊపిరి

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసులో నేను చేసే మొదటి పని ఊదడం. సంచి కుర్చీకి తగిలించి, కిటికీ తెరిచి, ముక్కుకి క్లిప్పు బిగించి, అట్టగొట్టం నోట్లో పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదుతాను. ఆరు సెకన్లు, కళ్ళు బైర్లు కమ్మేదాకా. మొదటి సెకనులో ఎన్ని లీటర్ల గాలి బయటికొచ్చిందో మిషను చూపిస్తుంది. ఆ నెంబరుని నల్ల అట్ట పుస్తకంలో తేదీ పక్కన రాసి సంతకం పెడతాను. దాన్ని మేం సోమవారం పుస్తకం అంటాం. పదహారేళ్ళుగా అందులో నా చేతిరాత ముసలిదవుతూ వస్తోంది గానీ నెంబరు మాత్రం పెద్దగా మారలేదు. రెండు పాయింట్ ఆరు, దానికి కాస్త అటూ ఇటూ.

మిషన్లకి కూడా అప్పుడప్పుడూ ఒంట్లో బాగుండదు. అది తెలుసుకోవడానికి వారానికోసారి ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకరు దాంట్లో ఊదాలని రూలు. మనిషి నెంబరు మారకపోతే మిషను బాగున్నట్టు, మారితే మిషనుకి ఏదో అయినట్టు. అంటే మా ఊపిరి పరీక్షల కేంద్రంలో కొలబద్ద నేనే. ఇంట్లో నా మాట పిల్లి కూడా ఖాతరు చెయ్యదు, ఇక్కడ మాత్రం నా ఊపిరిని బట్టి ఒక మిషను బాగోగులు తేలుస్తారు.

నిజానికి రూలు ప్రకారం ఇద్దరుండాలి. పుస్తకంలో రెండు వరసలు గీసి ఉంటాయి. ఎడమ వరస సీనియరమ్మది, కుడి వరస నాది. ఆవిడ నాకు పని నేర్పిన మనిషి. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు, అంతలా అలవాటైపోయింది ఆ పిలుపు. ఆవిడ రిటైరై మూడేళ్ళయింది. ఆ ఖాళీలో ఇంకొకరిని వెయ్యమని రాస్తూనే ఉన్నాం. అప్పటి నుంచీ ఎడమ వరస తెల్లగానే ఉంది.

మా కేంద్రమంటే రెండు గదులు, ఒక గాజుగది, ఒక వరండా, వరండాలో నాలుగు బల్లలు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో రంగు కొట్టేవాళ్ళు, జిగురు పూసేవాళ్ళు, పరుపుల నురుగు పోసేవాళ్ళు ఏడాదికోసారి వచ్చి ఊదిపోవాలి. ముందటేడాది కంటే నూటికి పదిహేను వంతులు తగ్గితే ఆ మనిషిని ఆ పని నుంచి తప్పించి గాజుగదికి పంపాలి. గాజుగదిలో, ఫ్యాక్టరీలో అతను రోజూ పీల్చే రసాయనాన్నే, మేం మందు అంటాం, కొలిచి అతని ముందు పెడతాం. అరగంట పీల్చాక గంటగంటకీ ఊదిస్తాం. మొదటిరోజు మందు కలపని ఉత్త రంగు, తరవాతి రోజుల్లో అసలుది. ఏ రోజు ఏదో అతనికి చెప్పం. ఊపిరి బిగుసుకుంటే తప్పు మందుదని తేలుతుంది. బిగుసుకోకపోతే తప్పు మనిషిదని ఫ్యాక్టరీవాళ్ళు అనుకుంటారు.

ఆ మందులు కలిపేది నేను. గాజుగది బయట బల్ల మీద కలుపుతాను. నెత్తి మీద గాలి లాగే ఫ్యాను ఉంది. దాని మూతికి కాగితం ముక్క పెడితే అతుక్కోవాలి, అదే దాని పరీక్ష. రెండేళ్ళుగా కాగితం నిలవడం లేదు, రాలి నా చేతిలోనే పడుతోంది. ఉత్తరాలు రాశాను. గోడకి చెప్పినట్టే అయింది.

మిగతా టైమంతా అరుస్తాను. మా పనిలో సగం అరుపే. 'పీల్చండి, పీల్చండి, ఇంకా. ఇప్పుడు ఊదండి. ఊదండి ఊదండి ఊదండి, ఆపకండి, ఇంకా ఇంకా ఇంకా ఇంకా.' రోజుకి ఇరవై మంది, ఒక్కొక్కరికి మూడేసి సార్లు. అరవకపోతే మనుషులు సగంలో వదిలేస్తారు. సాయంత్రానికి గొంతు గరగరలాడి దగ్గొస్తుంది. ఇంటికెళ్ళాక మా ఆయన 'ఇంకా ఇంకా' అని వెక్కిరిస్తే విసుక్కోవడానికి కూడా ఓపిక ఉండదు. ఇంత అరిచేదానికి దగ్గు రాకుండా ఉంటుందా అని సరిపెట్టుకునేదాన్ని.

ఎనిమిది నెలల కిందట ఒక సోమవారం నా నెంబరు రెండు పాయింట్ నాలుగు ఆరు వచ్చింది. క్లిప్పు సరిగా లేదేమోనని మళ్ళీ ఊదాను. అంతే వచ్చింది. మర్నాడు ఊదాను. అంతే. మా కేంద్రం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, మిషను తక్కువ చూపిస్తోంది సార్ అన్నాను.

"సిరంజితో చూశారా?" అన్నారు ఆయన.

సిరంజి అంటే సూదిమందుది కాదు. మోచెయ్యంత స్టీలు పంపు. హ్యాండిలు వెనక్కి లాగితే అందులో మూడు లీటర్ల గాలి పడుతుంది. దాన్ని మిషనులోకి తోసి, ఇదీ మూడు లీటర్లంటే అని మిషనుకి నేర్పుతాం. హ్యాండిలు ఎంతవరకూ రావాలో కడ్డీ మీదున్న ఒక ఇనప రింగు ఆపుతుంది. సిరంజి ప్రకారం మిషను నిక్షేపంగా ఉంది.

"ఆ సిరంజి ఆమధ్య కింద పడింది కదా," అన్నారు డాక్టరుగారు.

పడింది. తుడుస్తుంటే నా చేతిలోంచే జారింది.

"అయితే రింగు జరిగుంటుంది. మిషను అబద్ధం చెప్పచ్చు, సిరంజీ చెప్పచ్చు. పదహారేళ్ళుగా ఒకే నెంబరు ఊదుతున్నారు, మీరు చెప్పరు. మీ నెంబరు వచ్చేదాకా రింగు సర్దెయ్యండి."

నాకు ఆ మాట ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. ఈ పనిలో ఎవరైనా నన్ను మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో. వెళ్ళి రింగు మర వదులుచేశాను. రింగు కింద కడ్డీ మీద, వాచీ పట్టీ కింద చర్మంలా, తెల్లగా మెరిసే ఒక చార ఉంది. ఏళ్ళ తరబడి అది కూర్చున్న చోటు అదే. రింగు సరిగ్గా ఆ చార మీదే ఉంది. నేను చూశాను. చూసి, పడ్డప్పుడు గీసుకుని ఉంటుందిలే అనుకుని రింగుని ఒక వేలి వెడల్పు ముందుకి జరిపాను. దాంతోనే మిషనుకి మళ్ళీ మూడు లీటర్లు నేర్పి ఊదితే రెండు పాయింట్ ఆరు వచ్చింది. హమ్మయ్య అనుకుని పుస్తకంలో రాశాను.

నాలుగు నెలలకి నా నెంబరు మళ్ళీ పడింది. రెండు పాయింట్ ఐదు. ఈసారి డాక్టరుగారి దాకా వెళ్ళలేదు. పాత సిరంజి, మర వదులయిందని నాకు నేనే చెప్పుకుని, ఇంకో వేలికి కొంచెం తక్కువగా జరిపి నా నెంబరు తెచ్చుకున్నాను.

ఆ తరవాత నెలకి మా తమ్ముడు ఏడాది పరీక్షకి వచ్చాడు.

వాడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయినప్పుడు వాడికి ఏడేళ్ళు. నా చేతుల మీదే పెరిగాడు కాబట్టి వాణ్ణి తిట్టే హక్కు నాదేననుకుంటాను. బడికి వెళ్ళాలంటే కడుపునొప్పని మంచం మీద దొర్లేవాడు. నేను అటు తిరగ్గానే లేచి గోలీలు లెక్కపెట్టుకునేవాడు. ఇప్పుడు పరుపుల ఫ్యాక్టరీలో నురుగు పోసే గదిలో పని. రెండు డ్రమ్ముల ద్రవాలు కలిస్తే అది పాలు పొంగినట్టు పొంగి గట్టిపడి పరుపవుతుంది. పొంగేటప్పుడు వచ్చే ఆవిరి మంచిది కాదు. నాకంటే బాగా ఎవరికి తెలుసు, ఆ ద్రవాన్ని చిన్న గిన్నెలో గాజుగది కోసం కలిపేదాన్ని నేనే.

"అక్కా, మెట్లెక్కుతుంటే ఊపిరాడట్లేదే," అన్నాడు కూర్చుంటూనే. "పడుకుంటే దగ్గు. కూర్చునే నిద్రపోతున్నా."

"ముందు ఊదు. కథలు తరవాత చెబుదువుగాని."

కేంద్రంలో ఇంకో మనిషి ఉంటే చుట్టాల పరీక్ష నేను చెయ్యకూడదు. లేరు కాబట్టి చేశాను. ముందటేడాది మూడు పాయింట్ ఎనిమిది. ఇప్పుడు మూడు పాయింట్ ఐదు రెండు. నూటికి ఏడు తగ్గింది. పదిహేనుకి సగం కూడా కాదు.

"బాగానే ఉందిరా," అన్నాను.

"బాగుందా? మరి నాకెందుకిలా ఉంది?"

వరండాలో ఇంకా పదిహేను మంది నిలబడి ఉన్నారు. నాకు విసుగ్గా ఉంది. "మూడో క్లాసులో నీకు కడుపునొప్పి ఎందుకొచ్చేదో ఇప్పుడూ అందుకే," అన్నాను అందరికీ వినబడేలా. వరసలో వాళ్ళు నవ్వారు. వాడు కూడా నవ్వాడు. చీటీ మీద 'పనికి అర్హుడు' అని ముద్ర కొట్టి చేతిలో పెట్టాను. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

వారం తరవాత మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఇంకోసారి చూడకూడదూ? మనిషి సగమైపోయాడు," అంది. మిషనుకి మొహమాటం ఉండదమ్మా, నెంబరు బాగుంది, నువ్వు ఊరికే గాభరా పడకు అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మళ్ళీ అడగలేదు. తమ్ముడు కూడా ఆ తరవాత ఎప్పుడు మాట్లాడినా దగ్గు ఊసెత్తలేదు. చూశావా, చెబితే తగ్గింది అనుకున్నాను.

ఇదంతా మూడు నెలల కిందటి మాట. మొన్న సోమవారం సీనియరమ్మ వచ్చింది.

ఏదో పింఛను కాగితం మీద డాక్టరుగారి సంతకం కావాలట. ఆయన మీటింగులో ఉన్నారు, పన్నెండు దాకా రారు. ఆవిడ వచ్చి నా కుర్చీలో కూర్చుని, ఇది ఇప్పటికీ కిర్రుమంటోందా అని దాన్నో తిట్టు తిట్టి, సోమవారం పుస్తకం తెరిచింది.

"నా వరస ఇంకా ఖాళీయేనటే?"

"ఉత్తరం రాశామమ్మా."

"ఉత్తరాలు నా కాలంలోనూ రాశాం. ఆ గొట్టం ఇలా ఇవ్వు, ఈ వారం నేను నింపుతాను."

ముక్కుకి క్లిప్పు పెట్టుకుంది. నేను అలవాటు కొద్దీ పీల్చండి పీల్చండి అని మొదలుపెడితే, నీకు నేర్పిందే నేను, నోరు ముయ్యి అన్నట్టు కళ్ళతోనే కసిరింది. ఊదింది. రెండు పాయింట్ రెండు రెండు.

ఆవిడ పాత వరస వెతికి చూశాను. రిటైరైన వారం రెండు పాయింట్ ఒకటి.

"పెరిగిందమ్మా," అన్నాను.

"పెరగదూ మరి. మూడేళ్ళుగా మీ డాక్టరు మొహం చూడట్లేదు కదా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఈ గదిలో ఇద్దరు నవ్వుకుని చాలాకాలమైంది. ఇంకోసారి ఊదింది. రెండు పాయింట్ రెండు ఒకటి. మూడోసారి మళ్ళీ రెండు పాయింట్ రెండు రెండు. మూడోది చూశాక ఆవిడ నవ్వడం మానేసింది. వయసు మళ్ళాక ఊపిరి ఏటా కొంచెం తగ్గుతుందే గానీ చచ్చినా పెరగదని నాకు మొదటి వారంలో నేర్పింది ఆవిడే.

"సిరంజి తే," అంది.

తెచ్చి ఇచ్చాను. ఆవిడ హ్యాండిలు లాగింది. రావాల్సినంత రాకముందే ఏదో తగిలినట్టు ఆగి, మళ్ళీ తోసి, మళ్ళీ లాగింది. ముప్ఫై ఏళ్ళు రోజూ లాగిన చెయ్యి అది.

"ఇదేంటే, పొట్టిదైపోయింది?"

అప్పటిదాకా నాకు తెలియదని చెప్పను. తెలియకుండా ఉంచుకున్నాను. రింగు ముందుకి జరిపితే సిరంజిలో గాలి తక్కువ పడుతుంది. ఆ తక్కువ గాలినే మిషను మూడు లీటర్లనుకుంటుంది. ఇక దాని ముందు ఎవరు ఊదినా ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. నా నెంబరు ఎందుకు పడిందో చూసుకోవాల్సింది పోయి, నేను కొలతనే నాకు సరిపడేలా కుదించాను.

"నేనే జరిపానమ్మా. రెండుసార్లు," అన్నాను.

ఆవిడ మర వదులుచేసి, రింగుని ఆ మెరిసే చార మీదికి తెచ్చి బిగించింది. మిషనుకి మళ్ళీ మూడు లీటర్లు నేర్పాం. ముందు ఆవిడ ఊదింది. రెండు పాయింట్ సున్నా రెండు. "ఇదీ నా వయసు," అని గొట్టం తీసి పారేసి, కొత్తది తొడిగి నా వైపు తిప్పింది.

రెండు పాయింట్ మూడు మూడు. చివర్న దగ్గు తెర వచ్చి చాలాసేపు ఆగలేదు. ఆవిడ మంచినీళ్ళు అందించింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటి?"

"ఈ దగ్గు."

"రోజంతా అరుస్తాం కదమ్మా."

"ముప్ఫై ఏళ్ళు అరిచాను. నాకు రాలేదు," అని ఆవిడ లేచి వెళ్ళి, పుస్తకంలోంచి చిన్న కాగితం చింపి గాలి లాగే ఫ్యాను మూతికి పెట్టింది. అది నెమ్మదిగా తిరుగుతూ రాలి బల్ల మీద పడింది. "నా కాలంలో ఇది లాగేది," అంది.

మా కేంద్రంలో పరీక్షకి వచ్చినవాళ్ళు ఆ మందుల్ని అరగంట పీలుస్తారు. నేను పదహారేళ్ళుగా పీలుస్తున్నాను. నన్ను గాజుగదిలో కూర్చోబెట్టాలని ఎవరికీ తట్టలేదు, నాకు కూడా తట్టలేదు.

ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ దగ్గు వస్తుందని ఊరుకుని రిజిస్టర్లు దించాను. ఎనిమిది నెలల్లో ఊదిపోయిన వేలమందిలో నూటికి ఐదైనా తగ్గినట్టు కనబడ్డవాళ్ళు మూడువందల పై చిలుకు. మొదటి నాలుగు నెలల వాళ్ళకి ఒక తగ్గింపు, తరవాత వాళ్ళకి ఇంకో తగ్గింపు వేసి ఒక్కొక్క నెంబరూ మళ్ళీ కట్టాం. ఆవిడ చదువుతుంటే నేను రాశాను. పదిహేను దాటి పడ్డవాళ్ళు, నేను బాగుందని ముద్ర కొట్టి వెనక్కి పంపినవాళ్ళు, పదకొండు మంది తేలారు. తొమ్మిదో పేరు దగ్గర ఆవిడ చదవడం ఆపి కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. మా ఇంటిపేరు ఆవిడకి తెలుసు.

మూడు పాయింట్ ఐదు రెండు కాదు. ఆ రోజు వాడు నిజంగా ఊదింది మూడు పాయింట్ రెండు. నూటికి పదహారు తగ్గింది.

డాక్టరుగారు పన్నెండున్నరకి వచ్చారు. మంచివారే, బాగా అలిసిపోయిన మంచివారు. జాబితా చూసి, కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకున్నారు.

"రింగు మళ్ళీ సరిచేశారు కదా?"

"చేశాను సార్."

"మరి... వీళ్ళు ఏటా వచ్చేవాళ్ళే కదమ్మా. వచ్చే పరీక్షలో ఎలాగూ బయటపడుతుంది."

"కొందరికి ఇంకా తొమ్మిది నెలలుంది సార్. అప్పటిదాకా ఆ గదుల్లోనే పీలుస్తారు."

ఆయన జాబితాని మళ్ళీ మొదటి నుంచీ చూశారు. పై ఆఫీసు వాళ్ళు వస్తారు, ఎనిమిది నెలల పరీక్షలూ చెల్లవంటారు, ఫ్యాక్టరీవాళ్ళు మీద పడతారు అన్నారు. అన్నీ నిజమే. తరవాత మెల్లిగా, "ఇది రాస్తే మీ నెంబరు కూడా రాయాలి. గాజుగది పనికి మీరు పనికిరారని నేనే సంతకం పెట్టాలి. ఇక్కడ ఆ పని కాకుండా మీకివ్వడానికి వేరే పని లేదు," అన్నారు.

అదీ నిజమే. రాయకుండా ఉంటే నా కుర్చీ నాకుంటుంది. పదకొండు మంది వాళ్ళ వాళ్ళ గదుల్లో ఉంటారు. ఆ క్షణంలో నాకు ధైర్యమేమీ రాలేదు, విసుగొచ్చింది. ఇంకొక సోమవారం ఆ కుర్చీలో కూర్చుని ఆ పుస్తకంలో సంతకం పెట్టే ఓపిక నాలో లేదు.

"రాయండి సార్," అన్నాను.

"మొదటిసారి జరపమన్నది నేను," అన్నారాయన. "అది కూడా రాస్తాను."

గుమ్మం దగ్గర నిలబడ్డ సీనియరమ్మ తన కాగితం ఆయన ముందు పెట్టింది. "పెన్ను ఎలాగూ తీశారు, నా దాని మీద కూడా పెట్టెయ్యండి," అంది.

మధ్యాహ్నమంతా ఫోన్లు చేశాను. ఒకాయన మళ్ళీ సెలవెవరిస్తారని విసుక్కున్నాడు. ఒకాయన నేను చెప్పింది అర్థంకాక మిషను రిపేరయిందా అని రెండుసార్లు అడిగాడు. ఒకాయన భార్య ఎత్తి, ఆయన పని మానేసి రెండు నెలలైంది, ఇంట్లోనే ఉంటున్నారు, ఎందుకో మాకూ తెలీదు అంది. అందరికీ ఒకే మాట చెప్పాను, తప్పు మాదని. మూడో ఫోనుకి ఆ మాట నోటికి అలవాటైపోయింది. తమ్ముడికి మాత్రం చివర చేశాను. రేపు పొద్దున్న పనికి వెళ్ళేముందు ఒకసారి రా అన్నాను. ఎందుకో చెప్పలేదు, వాడూ అడగలేదు.

మంగళవారం పొద్దున్న ఏడున్నరకే వచ్చాడు. వరండాకి మూడంటే మూడు మెట్లు. ఎక్కి, స్తంభం మీద చెయ్యి వేసి, ఫోన్ చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఊపిరి కోసం ఆగానని నాకు తెలియకూడదని ఆ ఫోను. ఇన్నాళ్ళూ నా ముందు వాడు ఎన్నిసార్లు అలా ఫోను చూశాడో అప్పుడు గుర్తొచ్చింది.

ఊదించాను. మూడు పాయింట్ సున్నా రెండు.

"ఎంత?" అన్నాడు.

చెప్పాను. రింగు సంగతి, చార సంగతి, నా దగ్గు, సీనియరమ్మ, జాబితాలో తొమ్మిదో పేరు, అన్నీ చెప్పాను. ఆ రోజు అందరి ముందు అన్న మాట కూడా మళ్ళీ అని, అది అనకుండా ఉండాల్సిందిరా అన్నాను. వాడు ముక్కు క్లిప్పుని వేళ్ళ మధ్య తెరుస్తూ మూస్తూ విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే నేను నాటకమాడట్లేదన్నమాట," అన్నాడు.

"లేదురా."

"నువ్వు బాగుందన్నావు కదా. నువ్వు చెప్పాక ఇంక తప్పేముంటుంది? నాకే పనంటే బద్ధకమేమో, చిన్నప్పటి బుద్ధి పోలేదేమో అనుకున్నా. దగ్గొస్తే గుడ్డ అడ్డం పెట్టి ఆపుకునేవాణ్ణి." కాసేపు ఆగాడు. ఊపిరి కోసమో మాట కోసమో తెలియలేదు. "ఆ బుద్ధి వదిలించుకుందామని రెండో షిఫ్టు కూడా అడిగి చేస్తున్నానక్కా. రెండు నెలలైంది."

రోజుకి పదహారు గంటలు వాడు ఆ గదిలో ఉన్నాడు, నేను కొట్టిన ముద్ర జేబులో పెట్టుకుని. వాడి చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చాడు. వాడి గోళ్ళ మూలల్లో ఎండిపోయిన నురుగు పసుపు రంగులో గట్టిగా అంటుకుని ఉంది.

"ఇవాళ ఆ గదిలోకి వెళ్ళకు. చీటీ రాసిస్తాను," అన్నాను.

"సరే." తరవాత మిషను వైపు చూసి, "నీ నెంబరు రాసుకున్నారా?" అన్నాడు.

డాక్టరుగారు నా పరీక్ష పద్ధతిగా చేసి పెట్టమన్నారు. మూడుసార్లు ఊదాలి, పక్కన ఒకరు చెప్పాలి. ఎవరున్నారు చెప్పడానికి, పదింటికి ఆయన వచ్చాక చూడాలి అన్నాను.

"నేను చెప్తాను. ఏటా వింటున్నదే కదా," అని వాడు లేచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. క్లిప్పు తనే నా ముక్కుకి బిగించాడు, కొంచెం గట్టిగానే. కొత్త గొట్టం తొడిగాడు. నాలాగే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"పీల్చు, పీల్చు, ఇంకా. ఇప్పుడు ఊదు. ఊదు ఊదు ఊదు, ఆపకక్కా, ఇంకా ఇంకా ఇం..."

అక్కడ వాడి ఊపిరి అయిపోయింది. దగ్గుతూ బల్ల పట్టుకుని వంగిపోయాడు. నేను లేవబోతే చెయ్యి ఊపి కూర్చోమన్నాడు, ఆ చేత్తోనే ఊదు ఊదు అని సైగ చేశాడు. నేను ఊదాను. ఆరు సెకన్లూ వాడి చెయ్యి కిందికి దిగలేదు.

ఇద్దరి దగ్గూ తగ్గాక నెంబరు చూశాం. రెండు పాయింట్ మూడు ఒకటి. వాడు అలవాటుగా నల్ల అట్ట పుస్తకం నా ముందుకి జరిపాడు. నేను దాన్ని మూసి పక్కన పెట్టి, నిన్నటి జాబితా తీసి, పదకొండో పేరు కింద నా పేరు రాశాను.